దానిమ్మగింజ రంగు పీలిక

కేటలాగు కౌంటర్ మీద దభీమని పడ్డ చప్పుడుకి లోపల గదిలో వదిన చేతిలోని మౌస్ ఆగిపోయింది.

ఆ ఫోటో ల్యాబ్‌కి వచ్చిపోయేవాళ్లందరికీ ఆమె వదినే. సొంత మరిదికి వదిన కావడం సరే, ఫ్రేములు కట్టేవాడికీ, కొరియర్ తెచ్చేవాడికీ, ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లయిన ఖాతాదారులకీ కూడా వదినే. కింద ల్యాబ్, పైన ఇల్లు. ల్యాబ్‌లో ముందు కౌంటర్, దాని వెనక కిటికీ లేని చిన్న గది, అందులో మానిటర్, ఆమె కుర్చీ. ఆ గది దాటితే ప్రింటర్ గది. ఆమె భర్త, అంటే ఆ ఇంటి పెద్దవాడు, ప్రింటర్ చూసుకుంటాడు. చిన్నవాడు కెమెరా పట్టుకుని ఊరంతా తిరుగుతాడు. చిన్నవాడి భార్య కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. చిన్నవాడు తీసుకొచ్చిన ఫోటోలో ముఖం ఏ రంగులో ఉండాలో, చొక్కా ఏ రంగులో ఉండాలో తేల్చి పెద్దవాడికి పంపేది పద్దెనిమిదేళ్లుగా వదిన కన్ను.

"ఏం రంగు ఇదమ్మా? నువ్వే చెప్పు. ఏం రంగు?" బయట, ఆ కేటలాగు వీళ్ల దగ్గరే వేయించుకున్న సోఫా బట్టల షాపాయన గొంతు గోడ దాటి వినిపించింది.

"కేటలాగులో రాసే ఉంది కదండీ, దానిమ్మగింజ రంగని," అంది తోడికోడలు.

"రాసింది నేనేనమ్మా. రాసింది చదవమనడం లేదు. చూసి చెప్పమంటున్నా!"

వదిన లేచి బయటికి వచ్చింది. ఆయన సంచిలోంచి బట్ట ముక్క తీసి, కేటలాగు పేజీ మీద అదే బట్ట ఫోటో పక్కన పరిచాడు. బట్ట నిజంగానే దానిమ్మ గింజ. పేజీలో ఉన్నది కాలిన ఇటుక. ఆయన పేజీ తిప్పి ఇంకో ముక్క పరిచాడు. వంకాయ రంగు బూడిదలో పొర్లి వచ్చినట్టు ఉంది. మరో పేజీ. లేత గులాబీ వెలిసిపోయి గోధుమపిండి అయింది. ఇరవై నాలుగు రకాల బట్టలు, ఇరవై నాలుగూ అంతే.

తెర మీద ఆ దానిమ్మగింజ రంగుని వదిన అరగంట చూసింది. అది ఇది కాదు.

"మీ మరిది పంపిన ఫోటో నా ఫోన్లో ఉంది, చూడండి. ఇందులో రంగు సరిగ్గానే ఉందిగా? మరి కాగితం మీదకి వచ్చేసరికి ఏమైంది?"

"ఫోన్లో అన్నీ బాగానే ఉంటాయండీ," అంటూ పెద్దవాడు ప్రింటర్ గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పేజీ చూశాడు, బట్ట చూశాడు. మెడ దగ్గర నరం లేచింది. భార్య వైపు తిరిగి, షాపులో మనిషి ఉన్నాడన్న వెరపు కూడా లేకుండా గొంతెత్తాడు.

"నీ కన్ను చెడిందే! ఆ కొత్త మానిటర్ వచ్చి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో ఇది ఎన్నో గొడవ? నిరుడు ఒక్కటైనా వచ్చిందా? నా ప్రింటర్ అదే, నా ఇంకు అదే, నా కాగితం అదే. మారింది నీ గదిలోనే కదా!"

"ఏమండీ, మనం లోపల మాట్లాడుకుందాం."

"లోపలేముంది మాట్లాడ్డానికి? కళ్లజోడు మార్పించుకోమని ఆర్నెల్ల నుంచీ మొత్తుకుంటున్నా!"

సోఫా బట్టలాయనే ఇబ్బంది పడ్డాడు. గొంతు దించి, "శనివారానికి మళ్లీ వేసివ్వండి. లేకపోతే నా దారి నేను చూసుకుంటా," అని బట్ట ముక్కలన్నీ కౌంటర్ మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

వదిన ఒక్కొక్క ముక్కా మడిచి పెట్టుకుంది. ఆమెకు కోపం వస్తే మాట పోతుంది, చేతులకి పని కావాలి. ఇరవై నాలుగు ముక్కలూ మడిచేసరికి ఒక్కొక్కటీ ఇస్త్రీ చేసినంత బిగుతుగా ఉంది.

మధ్యాహ్నం పైన అన్నం దగ్గర అసలు సంగతి బయటపడింది. అన్నదమ్ములిద్దరూ ముందే మాట్లాడుకున్నారని ఆమెకు వాళ్ల తీరు చూస్తేనే అర్థమైంది. చిన్నవాడు కంచంలోకి చూస్తూ మాట్లాడుతున్నాడు. అబద్ధమైనా ధైర్యంగా కళ్లలోకి చూసి చెప్పే మనిషి వాడు.

"వదినా, ఇప్పుడు మానిటర్ రంగులు సరిచేసే పరికరం వస్తోంది. చిన్నది, అరచేతిలో పడుతుంది. తెర మీద ఆనిస్తే అదే కొలిచి, అదే సరిచేస్తుంది. ఇక కన్నుతో పని లేదు."

"ఓహో."

"కెమెరా షాపతను రేపు తెస్తానన్నాడు. మా ఆవిడ కంప్యూటర్ క్లాసులకి వెళ్లింది కదా, కొన్నాళ్లు తను లోపల కూర్చుంటే..."

"నేను?"

"నువ్వు కౌంటర్ చూసుకో," అన్నాడు పెద్దవాడు. "వచ్చేవాళ్లందరూ నిన్నే కదా అడుగుతారు, వదినా వదినా అని. సోమవారం నుంచి."

తోడికోడలు కూర గిన్నె ఠక్కున కింద పెట్టింది. "నన్నొక మాట అడిగేదేమైనా ఉందా లేదా? నాకా చీకటి కొట్టం వద్దు బావగారూ. మనుషుల మొహాలు చూడందే నాకు పొద్దు గడవదు. పైగా నేను క్లాసులకి వెళ్లింది జీతాల లెక్కలు నేర్చుకోవడానికి, మొహాలకి రంగులేయడానికి కాదు."

"నువ్వూరుకో," అన్నాడు చిన్నవాడు.

"ఊరుకుంటానే ఉన్నా. పెళ్లయినప్పట్నుంచీ నేను చేస్తున్న పని అదొక్కటే."

ఇంకో రోజైతే వదిన నవ్వేదే. ఇవాళ ఆమె కంచంలో అన్నం పిసికిపిసికి ముద్ద చేసి, ముద్ద అక్కడే వదిలేసి లేచింది. ఆ కుర్చీలో కూర్చుని ఆమె ఎన్ని వేల ముఖాలు చూసిందో లెక్క లేదు. బయట ఎవరైనా దారిన పోతుంటే, పేరు గుర్తుండదు కానీ ఆ మనిషి చెంప మీద ఎంత ఎరుపు ఉందో గుర్తుంటుంది. అలాంటి కన్ను చెడిందని ఊళ్లోవాడి ముందు అరిచి, ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పి, ఆ తీర్పుని అన్నంలో కలిపి పెడతారా?

మర్నాడు పొద్దున ల్యాబ్‌లోకి దిగితే కుర్చీ జానెడు కిందికి దిగి ఉంది. తోడికోడలు పొట్టి మనిషి. ఆమె ఎత్తుకి చిన్నవాడు ముందే సరిచేసి పెట్టాడన్నమాట. వదిన వంగి పిడి మీద చెయ్యి వేసింది. మళ్లీ తీసేసింది. ఆ కుర్చీని తనంతట తాను లేపుకోకూడదనుకుంది. మెడ రిక్కించి, మోచేతులు పైకెత్తి, అలాగే కూర్చుంది.

కెమెరా షాపు సేల్స్‌మన్ పదింటికి వచ్చాడు. రెండు పెట్టెలు తెచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు కానీ మాటకి తడుముకునే రకం కాదు.

"ఇది చిన్నదండీ. తెరని మాత్రమే కొలుస్తుంది. ఇది పెద్దది. తెరనీ కొలుస్తుంది, కాగితాన్నీ కొలుస్తుంది. ఆమాటకొస్తే బట్టైనా గోడైనా, దేనిమీద పెడితే దాని రంగు అంకెల్లో చెప్పేస్తుంది. ఫోటోలు దిద్దుకుని ఊరుకునేవాళ్లకి చిన్నది చాలు. మీరు ప్రింటు కూడా ఇక్కడే వేస్తారు కాబట్టి..."

"పేపర్ సంగతి నాకొదిలెయ్," అన్నాడు పెద్దవాడు. "మాకు చిన్నది చాలు. తేడా తెరలోనే ఉంది."

"తెరలోనే ఉందని ఎవరు కొలిచారు?" అంది వదిన.

నిన్న అన్నం దగ్గర లేచాక ఆమె అన్న మొదటి మాట అది. అందరూ ఆమె వైపు చూశారు.

"కొలవడానికేగా ఇప్పుడు కొనేది?" అన్నాడు పెద్దవాడు.

"అయితే రెండూ కొలవండి. నన్ను ఒక్కదాన్నే కొలిచే యంత్రం తెచ్చి, నా దగ్గర తప్పుందా లేదా అని చూస్తే ఏం తేలుతుంది? ఇంట్లో ఒక్కరి ఒంటి మీదే చెయ్యేసి చూసి, జ్వరం ఎవరికో చెప్పేస్తారా?"

"నాకు పని నేర్పుతున్నావా?"

"ముందు చిన్నదే చూద్దాం అన్నయ్యా," అని చిన్నవాడు మధ్యలో దూరాడు.

సేల్స్‌మన్ మానిటర్ అరగంట వేడెక్కాలన్నాడు. ప్రింటర్ గదిలో పెద్దవాడు వస్తువులు ఎత్తి పెడుతున్న చప్పుళ్లు ఆ అరగంటా అవసరానికి మించి వినిపించాయి. తర్వాత సేల్స్‌మన్ ఆ చిన్న పరికరాన్ని తెర నడుమ ఆనించి, దాని తీగని మానిటర్ వెనక్కి వేలాడదీశాడు. గోడ మీద బల్లిలా అది తెరకి అంటుకుపోయింది. దాని కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద, చదరం మీద చదరం వెలిగి ఆరాయి. వదిన పరికరాన్ని చూడలేదు. గడప దగ్గర నిలబడ్డ మొగుడి ముఖమే చూస్తూ కూర్చుంది.

"బాగుందండీ మీ మానిటర్," అన్నాడు సేల్స్‌మన్ చివరికి. "వెలుగు కాస్త ఎక్కువుంది, రవ్వంత నీలం. దించేశాను. ఇంతకుముందు కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు."

వదిన గుండెల మీద బరువు దిగింది. దిగీ దిగకముందే పెద్దవాడు రెండడుగులు లోపలికి వేశాడు.

"విన్నావా? తెర బాగుందట. బాగున్న తెరని చూసి నువ్వు ఇటుక రంగు పంపావు. ఇక చెడింది ఏంటో వేరే చెప్పాలా?"

అదీ సంగతి. తెర చెడ్డదని తేలితే తప్పు తెరది. తెర మంచిదని తేలితే తప్పు ఆమెది. ఏ వైపు తిప్పినా ఆ గడప దాటి తప్పు ప్రింటర్ గదిలోకి మాత్రం వెళ్లదు. చిన్న యంత్రం అబద్ధం చెప్పలేదు. దాన్ని అడిగిందే సగం ప్రశ్న.

"ఆ పెద్దది తియ్యి నాయనా," అంది సేల్స్‌మన్‌తో.

"అక్కర్లేదు. చిన్నది ప్యాక్ చెయ్యి," అన్నాడు పెద్దవాడు.

"తియ్యమన్నాను!"

ఆమె గొంతు అంత ఎత్తున ఆ గదిలో ఎప్పుడూ లేవలేదు. కౌంటర్ దగ్గర ఫ్రేములు తెచ్చిన మనిషి ఫ్రేములు అక్కడే పెట్టి బయటికి నడిచాడు. సేల్స్‌మన్ రెండు పెట్టెల మీదా చెరో చెయ్యి వేసి, సంతలో తప్పిపోయినవాడిలా అటూ ఇటూ చూశాడు.

పెద్దవాడు ఒంటికాలి మీద లేచాడు. "నా ప్రింటర్‌ని కొలవాలా? రోజూ పొద్దున్నే పరీక్ష షీటు వేసి, నాన్న ఫోటో పక్కన పెట్టి, ఒక్కొక్క రంగూ కలిసేదాకా సరిచేసి గానీ నేను పని మొదలుపెట్టను. తొమ్మిదేళ్లలో ఒక్కరోజు మానలేదు. జ్వరంలో మానలేదు. ఎక్కడో ఎవడో తయారుచేసిన డబ్బా వచ్చి నాన్న ఫోటో కన్నా బాగా చెబుతుందా నాకు?"

నాన్న ఫోటో అంటే అందులో నాన్న లేడు. ఆయన తీసిన ఫోటో అది. వదిన ఆ ఇంటికి కొత్తగా వచ్చిన ఏడు, మామగారు ఆమెని కిటికీ పక్కన నిలబెట్టి, ముంజేతి మీద ఏడు రంగుల గుడ్డ పీలికలు వేసి తీశాడు. మనిషి ఒంటి రంగూ, బట్టల రంగులూ, వెనక తెల్ల గోడా అన్నీ ఒకే ఫోటోలో ఉంటాయి, ప్రింటర్‌ని సరిచూసుకోడానికి పనికొస్తుందని. అప్పటి నుంచి అదే ఆ ల్యాబ్‌కి తూకపు రాయి.

వదిన కుర్చీలోంచి లేచి మొగుణ్ణి దాటుకుని ప్రింటర్ గదిలోకి వెళ్లింది. ఆమె ఆ గదిలోకి రోజుకి పదిసార్లు వెళ్తుంది. ఆ ఫోటో వైపు మాత్రం చూడదు. రోజూ కనిపించే తన ముఖాన్ని తాను ఏం చూస్తుంది? ఇవాళ చూసింది. కిటికీ పక్కన, మేకుకి, ఏటవాలుగా పడే ఎండలో వేలాడుతోంది. అందులో పిల్ల గోధుమపిండిలా ఉంది. ఆ ఏడు పీలికల్లో ఒకటి ఆమె సొంత జాకెట్టు కుట్టగా మిగిలిన గుడ్డ. ఆ రంగు ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. దానిమ్మగింజ రంగు. ఫోటోలో అది కాలిన ఇటుక.

ఆమె మెట్లెక్కి పైకి వెళ్లింది. వెనక మొగుడు ఏదో అంటున్నాడు. వినిపించుకోలేదు. మెట్టు మెట్టుకీ ఆమెకు మామగారి పని తీరు గుర్తొస్తోంది. ఏటా ఒకరోజు ఆయన ఆ ఫోటోని మేకు నుంచి దింపి, చింపి బుట్టలో వేసేవాడు. అదే ఫైలు తీసి కొత్తది ప్రింటు వేసేవాడు. వేసి, "అమ్మాయ్, ఆ పీలికలు పట్రా," అని కేకేసేవాడు. రేకు డబ్బాలో, చీకట్లో దాచిన పీలికలు ఆమె తెస్తే, ఒక్కొక్కటీ ఫోటో మీద పరిచి, కలిస్తేనే మేకుకి తగిలించేవాడు. తొమ్మిదేళ్ల కిందట ఆయన పోయాక ఆ కేక ఆగిపోయింది. ఆగిపోయిందని ఆమెకే తట్టలేదు.

బీరువా అడుగున, సూదులూ దారాలూ ఉన్న రేకు డబ్బాలో, ముడి వేసి ఉన్నాయి ఏడూ. తీసుకుని దిగింది. ప్రింటర్ గదిలో బల్ల మీద నాన్న ఫోటోని దింపి పెట్టింది. "ముట్టుకోకు దాన్ని!" అన్న పెద్దవాడి కేక ఇంకా గాల్లో ఉండగానే, దానిమ్మగింజ రంగు పీలికని ఫోటోలోని పీలిక మీద పరిచింది.

తోడికోడలు తల దూర్చి చూసి, "ఓలమ్మో," అంది. మిగతావి ఒక్కొక్కటీ పరిచింది వదిన. వంకాయ రంగు. గులాబీ. ఎరుపు కలిసిన రంగు ప్రతీదీ ఫోటోలో సగం చచ్చిపోయి ఉంది.

"బాబూ, ఇప్పుడు నీ పెద్ద డబ్బా పెట్టు."

సేల్స్‌మన్ ఈసారి పెద్దవాడి అనుమతి కోసం చూడలేదు. పరికరాన్ని పీలిక మీద పెట్టి నొక్కాడు, ఫోటో మీద పెట్టి నొక్కాడు. అంకెలు చూసి తల గోక్కున్నాడు. "ఇవి రెండూ ఒకే బట్టని ఎవరన్నారండీ?"

"ఇది ఎప్పుడు వేసిన ప్రింటండీ?" అడిగింది వదిన మొగుణ్ణి.

పెద్దవాడు ప్రింటర్ మూత తీసి మళ్లీ మూశాడు.

"అడుగుతున్నాను. మామయ్య ఏటా మార్చేవారు. మీరు ఎందుకు మార్చలేదు?"

"అది..." పెద్దవాడు చేత్తో ఫోటో అంచుని సరిచేశాడు, అది సరిగ్గానే ఉన్నా. "అది నాన్న చేత్తో వేసిన ఆఖరి ప్రింటు. చింపమంటావా?"

గదిలో కోపమంతా ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియక నిలబడింది. వదినకు ఆయన మీద జాలి కలిగింది. అయినా ఆమె తగ్గలేదు. తగ్గితే ఆ జాలి కింద తన కన్ను సమాధి అయిపోతుందని ఆమెకు తెలుసు.

"దాచుకోండి. డబ్బాలో పెట్టి దాచుకోండి, దండం పెట్టుకోండి. ఎండలో కట్టేసి తొమ్మిదేళ్లు దాని రంగు పీల్చేసి, రోజూ పొద్దున్నే మీ ప్రింటర్‌ని దానిలాగా వెలిసిపొమ్మని సరిచేశారు. పైగా నా కన్ను చెడిందని ఊళ్లోవాళ్ల ముందు అరిచారు!"

"నాన్నది తప్పంటావా?"

"మామయ్యకి మాటొస్తే నాలుక కోసుకుంటాను. ఆయన ఏటా చింపేవారు. తప్పు మీదంటున్నాను."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు బయటపడలేదు?" చిన్నవాడు అన్నకు సాయం వచ్చాడు. "తొమ్మిదేళ్లు బాగానే ఉండి, సరిగ్గా కొత్త మానిటర్ వచ్చాకే చెడిందేం?"

వదిన తన కుడిచేతి బొటనవేలి వైపు చూసుకుంది. పాత మానిటర్ కింద అంచున మూడు బటన్లు ఉండేవి. మొగుడి దగ్గర నుంచి వచ్చిన ప్రింటుకీ తెరకీ తేడా కనిపించినప్పుడల్లా, తెర పాతదవుతోంది కాబోలనుకుని, ఎరుపు తగ్గించే బటన్ మీద ఒక్క నొక్కు నొక్కేది. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పనని అనుకోలేదు.

"ఎందుకంటే నేను కప్పిపెట్టాను కాబట్టి," అంది. ఆ కోపం ఈసారి ఆమె మీదే. "ఈయన కాగితం ఎంత వెలిసిందో నా తెరని అంత వెలిసేలా దించుకుంటూ పోయాను. దాంట్లో ముఖాలు పాలిపోయి కనిపిస్తే ఎరుపు కలిపి పంపాను. ఆ ఎరుపు ఈయన ప్రింటర్ మింగేసేది. లెక్క సరిపోయేది. నువ్వు కొత్త మానిటర్ తెచ్చి, బటన్లు ముట్టుకోవద్దు వదినా, కంపెనీ వాళ్లే సరిచేసి పంపారు అన్నావు. ముట్టుకోలేదు. అది నిజం చూపించింది. నేను ఎరుపు కలపడం మానేశాను. ఇక ఈయన అబద్ధం ఒక్కటే మిగిలింది కాగితం మీద."

"ముఖాల ఫోటోలు వేసినన్నాళ్లు ఎవరు కనిపెడతారు?" అంది తోడికోడలు. "కాస్త అటూ ఇటూ అయితే పౌడరు ఎక్కువైందనుకుంటారు. బట్టలాయన బట్ట తెచ్చి పక్కన పెట్టాడు. ముఖం కోసి తెచ్చి ఎవరూ పెట్టరుగా!" తర్వాత నాన్న ఫోటో మీదకి వంగి, "అదేమో గానీ అక్కా, ఎండలో ఉండీ ఉండీ తెల్లబడిన మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను," అంది.

సేల్స్‌మన్ నవ్వబోయి దగ్గాడు.

"చిన్నదా, పెద్దదా?" అన్నాడు పెట్టెల వైపు చూపిస్తూ.

"పెద్దదే," అంది వదిన. మొగుడి వైపు చూడలేదు. "ప్రతి నెలా మొదటి తారీఖున, ముందు ఆయన కాగితం, తర్వాత నా తెర. రెండూ అందరి ముందూ. నా బటన్లు కూడా నేను చాటుగా నొక్కను."

పెద్దవాడు ఫోటో తీసుకుని మేడ మీదకి వెళ్లిపోయాడు. పెద్దది వద్దని మాత్రం అనలేదు.

ఆ మధ్యాహ్నం ప్రింటర్‌ని కొలిచి సరిచేయడానికి సేల్స్‌మన్ దానితో వందల రంగు చదరాల పట్టిక వేయించాడు. ఇంకు ఆరడానికి గంట ఆగి, పరికరాన్ని ఒక్కొక్క వరస మీదా ఇస్త్రీ పెట్టెలా లాగాడు. మొదటిసారి వరస తప్పింది, మళ్లీ లాగాడు. కిందికి దిగి వచ్చిన పెద్దవాడు చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని చూశాడు. మూడో వరస దగ్గర, "చెయ్యి వణికించకుండా లాగు," అన్నాడు. ఐదో వరసకి పరికరం తనే పుచ్చుకుని లాగాడు. పని వచ్చినవాడు, చెయ్యి నిలకడ గలవాడు. వదిన అది చూసింది. చూసినా కోపం చల్లారలేదు. కేటలాగు మొత్తం తెర మీద మళ్లీ తెరిచి, బట్ట ముక్కల్ని పక్కన పెట్టుకుని, దించిన కుర్చీలోనే మెడ రిక్కించుకుని దిద్దింది. శుక్రవారం సాయంత్రానికి మెడ పట్టేసింది.

"అక్కా, కుర్చీ లేపుకోవచ్చుగా?" అంది తోడికోడలు.

"నేను దించలేదు."

"ఆయన దించాడు. ఆయన బుద్ధి అంతే. నేను లేపనా?"

"వద్దు. నువ్వూ దించలేదు."

శనివారం సోఫా బట్టలాయన వచ్చాడు. కళ్లజోడు తుడిచి పెట్టుకుని కేటలాగు మొదటి పేజీ తెరిచాడు. బట్ట పరిచాడు. వంగి చూశాడు. పేజీని గుమ్మం వెలుగులోకి పట్టుకెళ్లి చూశాడు. రెండో పేజీ. మూడో పేజీ. ఇరవై నాలుగూ చూశాడు. పెద్దవాడు కౌంటర్ వెనక ఒకే చోట నిలబడి ఉన్నాడు. వదిన తన గది గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇదే కదండీ నేనడిగింది," అన్నాడాయన చివరికి. "బట్ట ఎక్కడ ఆగిందో కాగితం ఎక్కడ మొదలైందో వేలు పెడితే గానీ తెలియడం లేదు. ఇంతకీ చెడిందేమిటి? మానిటరేనా?"

"ఏదో మిషన్ సంగతిలెండి," అన్నాడు పెద్దవాడు. "మొత్తానికి సర్దుకుంది."

"ఆయన అడిగారు కదా," అంది వదిన గుమ్మంలోంచి. "చెప్పండి."

"చెప్పాగా."

"నా కన్ను చెడిందన్న రోజు ఆయన ఇక్కడే, ఇదే చోట నిలబడి ఉన్నారు. ఆ మాట విని వెళ్లిన మనిషి ఈ మాట కూడా విని వెళ్లాలి."

"పోనిద్దురూ వదినగారూ," అన్నాడు సోఫా బట్టలాయన, చేతిలో కేటలాగుని ఎక్కడ పెట్టాలో తెలియక. "పని బాగా అయింది కదా."

"మీరుండండి."

పెద్దవాడు తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు కెమెరా సంచి జిప్పు వేసుకుంటున్నాడు. మరదలు వైపు చూశాడు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నాటకం చూస్తున్నదానిలా కూర్చుంది.

"కాగితం దగ్గర తేడా వచ్చిందండీ," అన్నాడు గొణుగుతూ.

"కాగితం ఏం చేసింది పాపం?" అంది వదిన.

పెద్దవాడు కౌంటర్ మీది బట్ట ముక్క ఒకటి తీసి మడత పెట్టాడు.

"నా దగ్గరండీ తప్పు," అన్నాడు పెద్దవాడు. "ఆవిడ కన్ను బాగానే ఉంది."

"ఆ రోజు వీధిలోకి వినబడింది," అంది వదిన.

మెడ దగ్గర నరం మళ్లీ లేచింది. అరుస్తాడేమోనని సోఫా బట్టలాయన ఒకడుగు వెనక్కి వేశాడు. పెద్దవాడు అరిచాడు కూడా.

"తప్పు నాదండీ! మా ఆవిడ కన్నుకి వంక పెట్టేవాడు ఈ ఊళ్లో లేడు! సరేనా?"

కోపంతోనే అన్నాడు. అయినా వీధి దాకా వినబడింది. బయట సైకిల్ ఆపుకున్న ఫ్రేములాయన తొంగి చూశాడు.

వదిన లోపలికి వెళ్లింది. ప్రింటర్ గది కిటికీ పక్క మేకుకి కొత్త ప్రింటు వేలాడుతోంది. అందులో పిల్ల చామనఛాయలో, ముంజేతి మీద దానిమ్మగింజ రంగుతో నిలబడి ఉంది. నిన్న సాయంత్రం దాని వెనక పెన్సిల్‌తో తారీఖు వేసింది వదినే. మేకుని కిటికీ నుంచి రెండు బారల అవతలికి, ఎండ తగలని గోడకి మార్చమని కూడా చెప్పింది. పెద్దవాడు ఇంకా మార్చలేదు. సుత్తి మాత్రం బల్ల మీద తీసి పెట్టి ఉంది.

ఆమె మానిటర్ ముందుకి వచ్చి వంగింది. కుర్చీ కింద పిడి పట్టుకుని లాగింది. కుర్చీ ఒక్క ఉదుటున జానెడు పైకి లేచింది. కూర్చుని, ఇంకా నవ్వని ముఖంతోనే, మౌస్ మీద చెయ్యి వేసింది.